సిమెంటు గట్టిపడే సమయం: వికాట్ సూదితో ఎలా తేల్చాలి?

“పొద్దున చేసిన ప్లాస్టరింగుకి సాయంత్రం గోరు గుచ్చినా దిగుతోంది, సిమెంటు నకిలీదా?” “తట్టలో ఉండగానే మాలు బిగుసుకుపోతోంది, మా బోరు నీళ్ల తప్పా?” భీమవరం, పాలకొల్లు, నరసాపురం, రాజోలు, అమలాపురం వైపు ఇల్లు కట్టేవాళ్ల నుంచీ, సైటు ఇంజినీర్ల నుంచీ, డిప్లొమా పిల్లల నుంచీ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. రెండింటికీ జవాబు ఒకే పరికరం చెబుతుంది: వికాట్ పరికరం, అంటే సిమెంటు ముద్దలోకి సూది ఎంత లోతు దిగుతుందో చూపించేది. కాకపోతే దాన్ని సరిగ్గా అడగాలి. ల్యాబు రిపోర్టుల్లో కనిపించే వింత అంకెలకి చాలాసార్లు కారణం సిమెంటు కాదు. నీళ్లు రెండు మి.లీ. అటూ ఇటూ కావడం, గది నాలుగు డిగ్రీలు వేడెక్కడం, స్కేలు తలకిందులుగా చదవడం. అందుకే ఇక్కడ పద్ధతి ఎంత చెప్పామో, పద్ధతి ఎక్కడ చెడుతుందో కూడా అంతే చెప్పాం.

పద్ధతి ఐఎస్ 4031 అనే భారతీయ ప్రమాణంలోది. నాలుగో భాగం సిమెంటు ముద్ద చిక్కదనానికి, ఐదో భాగం గట్టిపడే సమయానికి. రెండూ 1988 నాటివి. తేల్చాల్సినవి రెండు సమయాలు. నీళ్లు కలిపిన క్షణం నుంచి ముద్ద బిగియడం మొదలయ్యేదాకా తొలి సెట్టింగు, పూర్తిగా బిగిసేదాకా చివరి సెట్టింగు. ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు) అయినా, పీపీసీ (ఫ్లైయాష్, అంటే బొగ్గు బూడిద కలిపినది) అయినా, స్లాగు (ఇనుప కొలిమి చిట్టెం కలిపిన) సిమెంటు అయినా తొలి సెట్టింగు 30 నిమిషాలకి తగ్గకూడదు, చివరి సెట్టింగు 600 నిమిషాలు దాటకూడదు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- వికాట్ పరికరం. కదిలే కడ్డీ, దాని కింద బిగించే మూడు ముక్కలు: 10 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. పొడవు ఉన్న ప్లంజరు, చిక్కదనం చూడటానికి. అడ్డుకోత 1 చదరపు మి.మీ. ఉన్న సూది, తొలి సెట్టింగుకి. చివరి సెట్టింగుకి వాడే, చుట్టూ 5 మి.మీ. రింగు ఉన్న సూది
- 40 మి.మీ. ఎత్తున్న వికాట్ మోల్డు, దాని కింద పెట్టడానికి గాజు పలక
- 0.1 గ్రాము వరకు చూపించే తూకం
- 200 మి.లీ. కొలజాడీ
- నీళ్లు పీల్చని ట్రే, రెండు తాపీలు, రబ్బరు తొడుగులు
- స్టాప్‌వాచ్, థర్మామీటరు, గాలిలో తేమ చూపించే మీటరు
- డిస్టిల్డ్ వాటరు లేదా మంచి తాగునీరు
- మూత గట్టిగా పడే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, తడిగుడ్డ
- సిమెంటు కనీసం 3 కిలోలు. చిక్కదనం తేలేలోపే నాలుగైదు ముద్దలు పోతాయి.

డిస్టిల్డ్ వాటరు దొరక్కపోతే సీలు వేసిన మినరల్స్ తీసిన నీళ్లు వాడొచ్చు. బ్యాటరీ షాపులో కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. పక్కపక్కనే పెట్టి అమ్మే డబ్బాల్లో ఒకటి నీళ్లు, ఇంకొకటి యాసిడ్.

పరికరాన్ని నమ్మే ముందు

ఐదు నిమిషాల పని ఇది. దీన్ని దాటేస్తే తర్వాత ఐదు గంటలు వృథా.

1. కడ్డీని ప్లంజరుతో సహా తీసి తూచండి. 300 గ్రాములు ఉండాలి. పాత సిమెంటు పొర అంటుకుని ఉంటే బరువు పెరుగుతుంది, గీకేయండి. ప్లంజరు తీసి సూది పెట్టినా మొత్తం అదే బరువు రావాలి. వేరే సెట్టు తాలూకు సూది తెచ్చి బిగించినచోట తేడా వచ్చేది ఇక్కడే.
2. కడ్డీ పైకి లేపి వదలండి. ఎక్కడా ఆగకుండా జారాలి. గోదావరి జిల్లాల తేమకి కడ్డీ మీద సన్నటి తుప్పు పట్టడం మామూలే. మెత్తటి గుడ్డతో తుడవండి, నూనె పూసి వదిలేయకండి. దుమ్ము పట్టి ఇంకా జిగురవుతుంది.
3. సూదిని గాజు పలక మీద నిలబెట్టి పక్కనుంచి చూడండి. వంగినా, కొన అరిగి గుండ్రంగా అయినా మార్చేయాలి.
4. సూది గాజుకి తగిలినప్పుడు ముల్లు ఏ గీత మీద ఉందో చూసి రాసుకోండి. కొన్ని స్కేళ్లలో అడుగు 0, కొన్నింట్లో అడుగు 40. ప్రమాణంలో చెప్పేది ఎప్పుడూ మోల్డు అడుగు నుంచి కొలత. మీ స్కేలు పైనుంచి మొదలైతే “అడుగు నుంచి 5 నుంచి 7” అన్నది మీకు “33 నుంచి 35” అవుతుంది. పుస్తకంలో ఒకటి, స్కేలు మీద ఇంకొకటి కనబడి తికమకపడే పిల్లలకి కారణం ఇదే. ప్లంజరు మార్చి సూది పెట్టిన ప్రతిసారీ ఈ సున్నా మళ్లీ చూసుకోండి.

గది, నీళ్లు, సిమెంటు: మూడూ 27 డిగ్రీలు

గది ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, రెండు అటూ ఇటూ. గాలిలో తేమ 65 శాతం, ఐదు అటూ ఇటూ. రాజమండ్రి ఎండల్లో ఏసీ లేకుండా ఇది కుదరదు. ఏసీ ఉన్నా అందరూ మరిచిపోయేది ఒకటుంది: మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లు. మే నెల మధ్యాహ్నం ఆ నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. గది 27 చూపించినా ముద్ద వేడిగానే మొదలవుతుంది, తొలి సెట్టింగు ముందుకి జరిగిపోతుంది. ముందురోజు రాత్రే నీళ్లు, సిమెంటు, ట్రే, మోల్డు అన్నీ ఆ గదిలోనే పెట్టి ఉంచండి. ఫ్యాక్టరీ నుంచి నేరుగా బల్కర్‌లో (విడి సిమెంటు తెచ్చే ట్యాంకరు లారీలో) వచ్చిన సిమెంటు చాలాసేపు వేడిగానే ఉంటుంది. థర్మామీటరు గుచ్చి చూసి, చల్లారాకే మొదలుపెట్టండి.

వానాకాలం కథ వేరు. తేమ 90 దాటిన రోజున సిమెంటు డబ్బా మూత తీసి పెట్టి టీకి వెళ్లిపోకండి.

నమూనా ఒకే బస్తా నోటి దగ్గర నుంచి తీయొద్దు. ఆ లాటులో వేర్వేరు బస్తాల మధ్యలో నుంచి తీసి, బాగా కలిపి, గాలి చొరబడని డబ్బాలో పోయండి. బస్తా మీద వేసిన తయారీ వారం, నెల, సంవత్సరం రాసుకోండి. మూడు నెలలు దాటిన బస్తా సిమెంటుని పరీక్షించకుండా వాడకూడదు. గోదాములో నేల మీదే పేర్చిన వరసలైతే కింది వరస నమూనా విడిగా తీయండి.

గడ్డలున్నాయా? వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోయే గడ్డ పర్వాలేదు, పై బస్తాల బరువుకి అణిగింది. నలగనిది చెమ్మ తాగి అప్పటికే కొంత గట్టిపడింది. అలాంటివి జల్లించి పారేసి మిగిలినదాన్ని పరీక్షిస్తే వచ్చే అంకె జల్లెడ దిగిన పొడిది మాత్రమే, సైటులో ఉన్న బస్తాది కాదు. రిపోర్టులో ఆ మాట రాయండి.

మొదటి అంచె: ఎన్ని నీళ్లు పట్టాలో తేల్చడం

దీన్ని ప్రామాణిక చిక్కదనం అంటారు. ఇది తప్పితే తర్వాతిదంతా తప్పే. “ఎప్పుడూ 30 శాతమే కదా” అని ఊహించి రాసేయడం మన ల్యాబుల్లో పాత జబ్బు. ఓపీసీకి మామూలుగా 26 నుంచి 33 మధ్య ఎక్కడైనా రావచ్చు. ఎంత మెత్తగా రుబ్బారు, పీపీసీ అయితే ఫ్లైయాష్ ఎంత కలిపారు అన్నదాన్ని బట్టి లాటు లాటుకీ మారుతుంది.

1. సిమెంటు 400 గ్రాములు తూచి ట్రేలో పోయండి. మొదటి ప్రయత్నానికి 28 శాతం నీళ్లు, అంటే 112 గ్రాములు తీసుకోండి. కొలజాడీ కంటే తూకం మేలు. జాడీతో కొలిస్తే దాని గోడకి అంటుకుని ముద్దలో పడని చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి.
2. సిమెంటు మధ్యలో గుంత చేసి నీళ్లన్నీ ఒకేసారి పోయండి. పోసిన క్షణమే స్టాప్‌వాచ్ నొక్కండి.
3. తాపీలతో బాగా నలుపుతూ కలపండి. నీళ్లు పోసినప్పటి నుంచి మోల్డు నింపడం మొదలుపెట్టేదాకా 3 నిమిషాలకి తగ్గకూడదు, 5 నిమిషాలు దాటకూడదు. ట్రే మూలల్లో పొడి మిగలకూడదు.
4. గాజు పలక మీద పెట్టిన మోల్డులో ముద్దని నింపండి. చేయి, తాపీ తప్ప ఇంకేమీ వాడొద్దు. ఇనుప కడ్డీతో కూరకండి. మోల్డుని కొద్దిగా కుదిపి గాలి బుడగలు పోగొట్టి, పైన ఒకే గీతలో తాపీతో చదును చేయండి. పదిసార్లు రుద్దితే నీళ్లు పైకి తేలతాయి.
5. ప్లంజరు కొనని ముద్ద మీద ఆనించి, చటుక్కున వదలండి. పైనుంచి పడనివ్వకూడదు, చేత్తో పట్టుకుని దింపకూడదు.
6. ఆగాక చదవండి. అడుగు నుంచి 5 నుంచి 7 మి.మీ. దగ్గర ఆగితే ఆ నీళ్ల శాతమే మీ చిక్కదనం. ఇంకా పైనే ఆగితే నీళ్లు తక్కువ, అడుగుకి దిగిపోతే ఎక్కువ.
7. సరిపోకపోతే కొత్త సిమెంటు తూచి మొదటి నుంచి మొదలుపెట్టండి. ముందు శాతం చొప్పున పెంచండి, దగ్గరికి వచ్చాక అర శాతం, అంటే 2 గ్రాముల చొప్పున.

ఏడో మెట్టు దగ్గరే ఎక్కువమంది అడ్డదారి తొక్కుతారు. ఉన్న ముద్దలోనే ఇంకో నాలుగు చుక్కలు కలిపి మళ్లీ మోల్డు నింపేస్తారు. ఆ ముద్ద వయసు అప్పటికే పది నిమిషాలు. బిగియడం మొదలైన ముద్దకి నీళ్లు ఎక్కువ పడతాయి, చిక్కదనం 1, 2 శాతం ఎక్కువగా తేలుతుంది. ఆ ఎక్కువ నీళ్లు తర్వాత సెట్టింగు సమయాన్ని వెనక్కి నెడతాయి. మంచి సిమెంటు “మందకొడి” అయిపోతుంది.

సరైన చిక్కదనం చేతికి ఎలా ఉంటుందంటే, బాగా కుదిరిన చలిమిడిలా. ఉండ చేస్తే నిలుస్తుంది, వేలికి కొద్దిగా మెరుపు అంటుతుంది. జావలా జారితే ప్లంజరు పెట్టకముందే తెలిసిపోతుంది.

రెండో అంచె: సూది పరీక్ష

పొద్దున తొమ్మిదికల్లా నీళ్లు పోయండి. మధ్యాహ్నం మొదలుపెట్టిన పరీక్షకి చివరి సెట్టింగు చూడటానికి రాత్రి ఎవరూ ఉండరు. రిపోర్టులో గుండ్రంగా 300 అని పడేది అందుకే.

1. నీళ్ల లెక్క: చిక్కదనం శాతానికి 0.85 రెట్లు. చిక్కదనం 30 అయితే 400 గ్రాముల సిమెంటుకి 120 కాదు, 120 × 0.85 = 102 గ్రాములు. ఈ 0.85 మరిచిపోవడం రెండో పెద్ద తప్పు.
2. నీళ్లు పోసిన క్షణం గడియారం టైము రాయండి, స్టాప్‌వాచ్ కూడా నొక్కండి. లెక్క మోల్డు నింపినప్పటి నుంచి కాదు, నీళ్లు పోసినప్పటి నుంచి.
3. ముందులాగే 3 నుంచి 5 నిమిషాల్లో కలిపి మోల్డు నింపి చదును చేయండి. ముద్ద ఈసారి కాస్త బిరుసుగా ఉంటుంది, అది మామూలే. మూలల్లో ఖాళీలు మిగలకుండా చూడండి. సూది ఆ ఖాళీలో పడితే తప్పు అంకె వస్తుంది.
4. నమూనాని గాజు పలకతో సహా తేమ గదిలో పెట్టండి. అక్కడ తేమ 90 శాతానికి తగ్గకూడదు. తేమ గది లేకపోతే ప్లాస్టిక్ డబ్బాలో చుట్టూ తడిగుడ్డ పెట్టి మూత వేయండి. గుడ్డ ముద్దకి తగలకూడదు, మూతకి పట్టిన చెమ్మ దాని మీద కారకూడదు.
5. తొలి సెట్టింగు సూది బిగించి, ముద్దకి ఆనించి వదలండి. మొదట్లో ముద్దని పూర్తిగా చీల్చుకుని అడుగుకి దిగిపోతుంది. మొదటి గంటన్నర పది పదిహేను నిమిషాలకొకసారి చూస్తే చాలు. అడుగుకి దిగడం మానిందో లేదో, ఇక రెండు మూడు నిమిషాలకొకసారి.
6. ప్రతిసారీ చోటు మార్చండి. పాత రంధ్రానికి 5, 6 మి.మీ. దూరంగా, మోల్డు అంచుకి 10 మి.మీ. ఇవతల. ప్రతిసారీ సూది తుడవండి. అంటుకున్న పొర ఆరితే సూది లావవుతుంది, ఇక దిగదు. సిమెంటు త్వరగా బిగిసిందని మీరు అనుకుంటారు.
7. సూది అడుగు నుంచి 5 మి.మీ. దగ్గర (అర మి.మీ. అటూ ఇటూ) ఆగిపోయిన క్షణం తొలి సెట్టింగు. టైము రాయండి.
8. ఇప్పుడు రింగు ఉన్న సూది బిగించండి. దాని కొన రింగు కంటే అర మి.మీ. బయటికి ఉంటుంది. ముద్ద మీద మెల్లగా వదిలి, ఎత్తి, గీత చూడండి. మొదట్లో మధ్యలో చుక్క, దాని చుట్టూ గుండ్రటి గీత, రెండూ పడతాయి. రాను రాను గుండ్రటి గీత పలచబడుతుంది. చుక్క మాత్రమే పడి రింగు గీత పడని క్షణం చివరి సెట్టింగు.

రింగు గీత కంటికి మాయ చేస్తుంది. నిటారుగా చూస్తే లేనట్టే ఉంటుంది. టార్చిలైటు పక్కవాటుగా, ముద్ద ఉపరితలానికి దాదాపు సమాంతరంగా వేసి చూడండి. చంద్రవంక ముక్కంత గీత మిగిలినా ఇంకా కానట్టే. ఒకే పక్క గీత పడుతుంటే ముద్ద పైభాగం వాలుగా ఉందని అర్థం, ఇంకోచోట పెట్టండి.

పైన నీళ్లు తేలి, తెల్లటి మీగడలాంటి పొర కడితే ఆ పొర మీద చివరి సెట్టింగు చూడొద్దు. ఆ పొర చాలాసేపు మెత్తగానే ఉంటుంది. నమూనాని తిరగేసి అడుగువైపు చూడమని ప్రమాణమే చెబుతోంది.

రాసుకోవడం ఇలా

ఒక మచ్చు పట్టిక. చిక్కదనం 30 శాతం, సిమెంటు 400 గ్రాములు, నీళ్లు 102 గ్రాములు, గది 27 డిగ్రీలు.

- 10:05 నీళ్లు పోశాం
- 11:05 సూది అడుగుకి, 0
- 12:00 అడుగు నుంచి 1 మి.మీ.
- 12:15 3 మి.మీ.
- 12:25 4 మి.మీ.
- 12:32 5 మి.మీ. తొలి సెట్టింగు: 147 నిమిషాలు
- 14:20 చుక్క, రింగు రెండూ
- 14:40 చుక్క, సగం రింగు
- 14:50 చుక్క మాత్రమే. చివరి సెట్టింగు: 285 నిమిషాలు

రిపోర్టులో దగ్గరి 5 నిమిషాలకి సవరించి 145, 285 అని రాయాలి. పని కాగితం మీద మాత్రం అసలు అంకె అలాగే ఉంచండి. సూది ఆగిన ఎత్తులు, అడుగు నుంచి, క్రమంగా పెరగాలి. 3, 1, 4 అని ఎగుడు దిగుడుగా వస్తే ముద్ద సరిగ్గా కలవలేదు, లేదా గాలి బుడగలున్నాయి. ఆ పరీక్షని లెక్కలోంచి తీసేయండి.

అంకె అనుమానంగా ఉంటే

తొలి సెట్టింగు మరీ త్వరగా వచ్చిందా? ముందు థర్మామీటరు చూడండి. తర్వాత 0.85 తో రెండుసార్లు హెచ్చించారేమో చూడండి, అది కూడా జరుగుతుంది. నమూనా మీదికి ఏసీ గాలి నేరుగా తగిలిందా? పై పొర ఆరితే సూది ఆగుతుంది. అది ఆరడమే, బిగియడం కాదు. పక్క గదిలో క్యూబులు (బలం చూడటానికి పోసిన కాంక్రీటు దిమ్మలు) పగలగొట్టే యంత్రమో, వైబ్రేటరు బల్లో, జనరేటరో నడుస్తోందా? ఆ అదురుకి ముద్ద కూరుకుపోతుంది.

మరీ ఆలస్యమైందా? నీళ్ల తూకం మళ్లీ చూడండి. అది సరిగ్గానే ఉంటే సిమెంటు వయసు చూడండి. చెమ్మ తాగిన సిమెంటు మందగిస్తుంది. ఇంకో అనుమానితుడు కూడా ఉంది, మన వైపు ప్రత్యేకం: తీపి. చక్కెర సిమెంటు బిగుసుకోవడాన్ని గట్టిగా అడ్డుకుంటుంది. సిమెంటు బరువులో వెయ్యింట ఒక వంతులోపే చాలు, గంటలకి గంటలు జాప్యం. బెల్లం మోసిన లారీలో, కడగకుండానే సిమెంటు వేసి తెస్తే అడుగు బస్తాలు ఇలా దెబ్బ తింటాయి. ల్యాబులోనూ టీ తాగిన గ్లాసుతో నీళ్లు కొలవకండి.

కలుపుతుండగానే రెండు మూడు నిమిషాల్లో ముద్ద బిగుసుకుపోతే కంగారు పడి నీళ్లు కలపకండి. అదే ముద్దని నీళ్లు లేకుండా మళ్లీ గట్టిగా నలపండి. మెత్తబడి మామూలుగా అయితే అది దొంగ బిగువు. ఫ్యాక్టరీలో రుబ్బేటప్పుడు వేడికి జిప్సం (బిగువుని నెమ్మదిపరచడానికి సిమెంటులో కలిపేది) నీరు కోల్పోవడం వల్ల వస్తుంది. అలాంటి సిమెంటుకి మిల్లరులో కలిపే సమయం పెంచాలి, నీళ్లు కాదు. నలిపినా మెత్తబడక, ట్రే చేతికి వేడిగా తగిలితే అది అసలైన తక్షణ బిగువు. జిప్సం చాలని సిమెంటు అది. ఆ లాటు పక్కన పెట్టి, ఐఎస్ 4031 పద్నాలుగో భాగం ప్రకారం దొంగ బిగువు పరీక్ష కూడా చేయించి సరఫరాదారుకి రాయండి.

ఒక్క పరీక్షతో సిమెంటుని తిరగ్గొట్టొద్దు. అదే నమూనాతో ఇంకో మనిషి చేత చేయించండి. ఇద్దరికీ 10, 15 నిమిషాల తేడా వస్తే సరే. 40 నిమిషాలు తేడా వస్తే ముందు ఇద్దరి చేతులూ సరిచూసుకోవాలి, తర్వాతే సిమెంటు సంగతి.

బోరు నీళ్ల సంగతి

డెల్టాలో ఈ పరీక్ష అసలు అక్కర ఇక్కడే. సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ ఉప్పు ఇంకా పెరుగుతుంది. ఉప్పు మామూలుగా సిమెంటుని తొందరపెడుతుంది. చెరువుల నీళ్లలో పాచి, కుళ్లిన పదార్థం ఉంటే వేరే చిక్కు, బిగియడం ఆలస్యం కావొచ్చు, కాంక్రీటులో గాలి ఎక్కువై బలం తగ్గొచ్చు. రుచి చూసి చెప్పే తీర్పు పనికిరాదు.

కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 (2000) ఇచ్చిన సూత్రం తేలిక. అనుమానం ఉన్న నీళ్లతో చేసిన ముద్ద తొలి సెట్టింగు 30 నిమిషాలకి తగ్గకూడదు. అంతేకాదు, అదే సిమెంటుతో డిస్టిల్డ్ వాటరు కలిపి చేసిన ముద్దతో పోలిస్తే 30 నిమిషాలకి మించి అటూ ఇటూ పోకూడదు.

1. మోటారు 10, 15 నిమిషాలు నడిచాక నీళ్లు పట్టండి. పైపులో నిలిచిన నీళ్లు వద్దు. శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బాని ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, 5 లీటర్లు నింపి మూత పెట్టండి. ఏ నెలలో స్లాబు వేస్తారో ఆ నెల నీళ్లే పరీక్షించండి. భాద్రపదంలో పట్టిన నీళ్ల రిపోర్టు వైశాఖానికి చెల్లదు.
2. చిక్కదనం డిస్టిల్డ్ వాటరుతో తేల్చండి. అక్కడ వచ్చిన గ్రాములే రెండు ముద్దలకీ వాడండి. లేకపోతే మీరు చూసేది నీళ్ల గుణం కాదు, నీళ్ల కొలత.
3. రెండు మోల్డులు, ఒకే డబ్బా సిమెంటు, ఒకే గది, ఒకే రోజు. రెండింటికీ 15 నిమిషాల ఎడం ఇవ్వండి, ఒక్క మనిషే రెండూ చూసుకోగలడు.
4. డిస్టిల్డ్ ముద్ద 145, బోరు ముద్ద 105 వచ్చిందనుకోండి. 105 అంటే 30 కంటే ఎక్కువే కదా అని సంతోషపడకండి. తేడా 40. ఆ నీళ్లు ఈ పరీక్ష తప్పినట్టే. తేడా 28, 32 లాగా అంచున ఉంటే మరో రెండుసార్లు చేసి చూడండి.

నెగ్గినా పని అయిపోలేదు. ఇది సెట్టింగు పరీక్షే, ఇనుము సంగతి చెప్పదు. ఇనుము వేసే కాంక్రీటు నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మి.గ్రా. దాటకూడదు. ఇనుము లేని కాంక్రీటుకి ఆ హద్దు 2000. సల్ఫేటు 400 మి.గ్రా. లోపు, పీహెచ్ 6 కి తగ్గకుండా ఉండాలి. సూది దగ్గర నెగ్గి క్లోరైడు దగ్గర తప్పే బోర్లు తీరం వెంబడి ఉంటాయి. ఆ నీళ్లతో వేసిన స్లాబు మొదట్లో బాగానే ఉంటుంది, ఊచ తుప్పు పట్టి పెచ్చులు ఊడటం తర్వాత మొదలవుతుంది. కాబట్టి నీళ్లని కెమికల్ ల్యాబుకి కూడా పంపండి. 28 రోజుల క్యూబులు కూడా వేయండి. ఆ నీళ్లతో చేసిన 150 మి.మీ. క్యూబుల సగటు బలం డిస్టిల్డ్ వాటరు క్యూబుల బలంలో 90 శాతానికి తగ్గకూడదు.

నీళ్లు తప్పితే దారులు మూడు: కాలువ నీళ్లు వదిలిన రోజుల్లో తొట్టిలో పట్టి తేటపరచి వాడటం, పరీక్ష నెగ్గిన బోరు నుంచి ట్యాంకరు తెప్పించడం, లేదా వాన నీళ్లు. బోరు నీళ్లలో మంచి నీళ్లు సగం కలిపి వాడదామంటే కలిపాక ఆ మిశ్రమాన్ని మళ్లీ పరీక్షించాలి, సగం కలిపితే ఉప్పూ సగమైందన్న లెక్కతో ఊరుకోకూడదు. సైటులో ఏ రోజు ఏ పాళ్లలో కలిపారో ఎవరికి తెలుసు?

సైటులో ఈ అంకెని ఎలా వాడాలి

తొలి సెట్టింగు 145 వచ్చింది కాబట్టి రెడీమిక్స్ కాంక్రీటుకి 145 నిమిషాలు టైముందని అనుకోకండి. ఇక్కడ పరీక్షించింది 27 డిగ్రీల దగ్గర, ఇసుక, కంకర లేని చిక్కటి ముద్ద. కాంక్రీటులో నీళ్ల పాళ్లు వేరు, ఎండ వేరు, రసాయనాలు వేరు. దానికి ఐఎస్ 1199 ఏడో భాగంలో (2018, అంతకుముందు ఐఎస్ 8142) మరో సూది పరీక్ష ఉంది. వికాట్ అంకె పని ఒకటే: ఈ లాటు సిమెంటు ప్రమాణంలో ఉందా, నిన్నటి లాటుకీ ఇవాళ్టి లాటుకీ తేడా ఉందా, ఈ నీళ్లు దాన్ని మారుస్తున్నాయా అని చెప్పడం. అందుకే ప్రతి లాటు అంకెని ఒకే పుస్తకంలో వరసగా రాయండి. 140, 150, 145 అని నడుస్తున్న సిమెంటు ఒకరోజు 220 అయితే, 600 లోపే ఉన్నా, ఆ లారీ గురించి ఆరా తీయాల్సిందే.

పరీక్ష అయిన వెంటనే మోల్డు విప్పి కడగండి. తెల్లారేదాకా ఉంచితే సుత్తితో కొట్టాలి, కొడితే మోల్డు అంచు వంగుతుంది, రేపటి చదును పోతుంది. మిగిలిన నమూనా సిమెంటుని సీలు వేసి, తేదీ రాసి, 28 రోజుల క్యూబు ఫలితం వచ్చేదాకా దాచండి.